మేపుల్ బార్లలో మేపుల్ రుచి నిలవాలంటే: ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే పద్ధతి

మేపుల్ బార్లు, అంటే మేపుల్ సిరప్‌తో ట్రేలో బేక్ చేసి చదరపు ముక్కలుగా కోసే తీపి వంటకం, చేయాలని రెండుసార్లు పూనుకున్నారనీ, మొదటిసారి అవి కేకులాగా పొంగి గుల్లగా వచ్చాయనీ, రెండోసారి అంచులు కొరకలేనంత గట్టిపడ్డాయనీ, రెండుసార్లూ తీపి తగిలిందే తప్ప మేపుల్ రుచి ఎక్కడా తెలియలేదనీ మీరు రాశారు. అయిదేళ్ల పాప, పదకొండేళ్ల బాబు, మీ అత్తగారు, మీ దంపతులు అందరూ కలిసి ఒక చలి సాయంత్రం హాయిగా చేసుకునేలా, ఎవరూ ఊరికే చూస్తూ నిలబడవలసిన అవసరం లేకుండా ఒక పద్ధతి చెప్పమన్నారు. ఇలాంటి బార్లను నేను చాలా ఏళ్లుగా ఇంట్లో పిల్లలతోనూ పెద్దలతోనూ కలిసి చేస్తున్నాను, ఇతరులకు నేర్పుతున్నాను కూడా. కాబట్టి కొలతలతో పాటు కారణాలనూ వివరంగా చెబుతాను. కారణం తెలిస్తే మీ ఓవెన్‌కూ మీ ట్రేకూ తగినట్టు మీరే సర్దుకోగలుగుతారు.

మీకు ఎదురైన మూడు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. మేపుల్ చెట్టు రసాన్ని కాచి తీసే మేపుల్ సిరప్ అంటే కరిగించిన పంచదారే కదా అనుకుని, పంచదార పడవలసిన చోట దాన్ని పోసేస్తుంటారు. నిజానికి మంచి సిరప్‌లో తూకం ప్రకారం 66 నుంచి 67 శాతం వరకు చక్కెర ఉంటుంది. మిగిలిన మూడో వంతు దాదాపుగా నీరే. ఆ నీరు మైదాకు కావలసిన దానికన్నా ఎక్కువ తడిని అందించి, మైదాలో సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ అనే ప్రోటీన్‌ను సాగదీసి, పిండిని ఉబ్బించి, బార్‌ను కేకు వైపు లాగుతుంది. పోనీ తడి ఆరేదాకా ఓవెన్‌లోనే ఉంచుదామంటే, మధ్యభాగం ఉడికేలోపు అంచుల్లో ఉన్న చక్కెర పాకం ముదిరి, చల్లారాక రాయిలా బిగుసుకుంటుంది. ఇక రుచి సంగతి చూస్తే, మేపుల్ పరిమళం చాలా సున్నితమైనది. అరకప్పు సిరప్ అంత మైదాలోనూ వెన్నలోనూ గుడ్డులోనూ కలిసిపోయి, పైన రెండు చెంచాల వెనిలా, దండిగా దాల్చినచెక్క పొడి కూడా పడితే అది వినిపించే అవకాశమే ఉండదు. అందువల్ల నేను పట్టుబట్టి చెప్పేది ఒకటే: సిరప్‌ను పిండిలో కలపక ముందే కాచి చిక్కబరచాలి, బేక్ అయిన తరువాత మరిగించని సిరప్‌తో పైన గ్లేజ్, అంటే మెరిసే తీపి పూత, వేయాలి. కాచిన సిరప్ వల్ల లోతైన రుచి, మరిగించని సిరప్ వల్ల పరిమళం వస్తాయి. రెండింటిలో ఏది లేకపోయినా మేపుల్ బార్ అనే పేరుకు తగిన ఫలితం రాదు.

ముందు సీసా ఎంపిక గురించి చెప్పాలి, ఎందుకంటే సగం నిర్ణయం అక్కడే జరిగిపోతుంది. మేపుల్ సిరప్ ప్రధానంగా షుగర్ మేపుల్ అనే చెట్టు రసం నుంచి తయారవుతుంది. శీతాకాలం ముగిసే రోజుల్లో రాత్రిళ్లు గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగేంత వెచ్చదనం ఉన్నప్పుడు కాండంలో ఒత్తిడి పెరిగి, తొలిచిన చిన్న రంధ్రం నుంచి రసం కారుతుంది. అది చూడడానికి నీళ్లలాగే ఉంటుంది. అందులో చక్కెర రెండు శాతం చుట్టుపక్కల మాత్రమే. సుమారు 40 లీటర్ల రసాన్ని కాస్తే ఒక లీటరు సిరప్ మిగులుతుంది. ఉత్తర అమెరికా ఆదివాసీ జాతులు యూరోపియన్లు రాకముందే ఈ రసాన్ని కాచి చక్కెర తీయడం తెలిసినవారు. ఇప్పుడు ప్రపంచానికి అందే సిరప్‌లో మూడింట రెండు వంతులకు పైగా కెనడాలోని క్యూబెక్ నుంచే వస్తుంది, అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం ముందుంటుంది. ఈ సంగతులు మీ పిల్లలకు సిరప్ మరుగుతున్నప్పుడు చెప్పండి. నలభై లీటర్లకు ఒక లీటరు అన్న లెక్క పదకొండేళ్ల పిల్లవాడికి బాగా పట్టుబడుతుంది, తన కళ్లెదుట గిన్నెలో ఆ పని చివరి అంకం జరుగుతోందని కూడా అర్థమవుతుంది.

రసం తీసే కాలం ముందుకు సాగేకొద్దీ సిరప్ రంగు ముదురుతుంది. వాతావరణం వేడెక్కినకొద్దీ రసంలో చేరే సూక్ష్మజీవులు సుక్రోజ్‌లో కొంత భాగాన్ని గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడతాయి. కాచేటప్పుడు ఆ చక్కెరలు తొందరగా గోధుమరంగుకు తిరిగి రుచిని గాఢపరుస్తాయి. సీసా మీద గ్రేడ్ ఏ అన్న మాట పక్కనే గోల్డెన్, అంబర్, డార్క్, వెరీ డార్క్ అనే నాలుగింటిలో ఒకటి రాసి ఉంటుంది. ఇది నాణ్యతలో తేడా కాదు, సిరప్ గుండా ఎంత వెలుతురు దాటుతుందన్న దాన్నిబట్టి చేసిన విభజన: గోల్డెన్‌లో 75 శాతం, అంతకు మించి వెలుతురు దాటితే, వెరీ డార్క్‌లో 25 శాతం కూడా దాటదు. అమెరికాలో 2015లో ఈ పద్ధతి అమల్లోకి రాకముందు వంటకు వాడే ముదురు సిరప్‌ను గ్రేడ్ బీ అనేవారు. పాత వంటపుస్తకంలో ఆ మాట కనిపిస్తే ఇప్పటి డార్క్ లేదా వెరీ డార్క్ తీసుకోవాలి. పిండిలోకి డార్క్, పైన గ్లేజ్‌లోకి అంబర్ నా ఎంపిక. ఒకే సీసా కొనదలిస్తే డార్క్ కొనండి. గోల్డెన్ తినడానికి చాలా మనోహరంగా ఉంటుంది, కానీ ఓవెన్‌లో దాని సున్నితత్వం అంతా వృథా అవుతుంది.

మీరు వాడిన సీసా పేరు రాయలేదు కనుక ఒక హెచ్చరిక. ప్యాన్‌కేక్ సిరప్ పేరుతో దొరికేది చాలావరకు మొక్కజొన్న సిరప్‌కు రంగూ వాసనా కలిపినదే. దానితో ఈ పద్ధతి కుదరదు. కాచినకొద్దీ జిగురు పెరుగుతుందే గాని రుచి పెరగదు. సీసా వెనుక పదార్థాల పట్టికలో మేపుల్ సిరప్ అన్న ఒక్క మాటే ఉండాలి. మేపుల్ ఎసెన్స్ విషయంలో నేను అంత కఠినంగా ఉండను. మేపుల్ సువాసనను గుర్తుచేసే సోటోలాన్ అనే పదార్థం మెంతుల్లోనూ ఉంటుంది, అందుకే కృత్రిమ మేపుల్ ఫ్లేవర్లలో మెంతుల సారం వాడడం ఉంది. రెండు మూడు చుక్కలు వేస్తే తప్పులేదు, కానీ అంతకు మించితే నాలుక మీద చేదు మిగులుతుంది. సిరప్‌ను సరిగ్గా కాస్తే దాని అవసరమే రాదు.

ఇప్పుడు కొలతలు. ఇవి 20 సెంటీమీటర్ల చదరపు లోహపు ట్రేకు సరిపోతాయి: డార్క్ మేపుల్ సిరప్ 200 గ్రాములు, అంటే సుమారు 150 మిల్లీలీటర్లు, ఉప్పు లేని వెన్న 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 60 గ్రాములు, ఒక గుడ్డు, దానితో పాటు మరో గుడ్డులోని పచ్చసొన, మైదా 150 గ్రాములు, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, వెనిలా అర టీస్పూన్, వేయించిన వాల్‌నట్లు గాని పెకాన్లు గాని 80 గ్రాములు. గ్లేజ్ కోసం విడిగా 80 గ్రాముల సిరప్, 30 గ్రాముల వెన్న, 110 గ్రాముల ఐసింగ్ షుగర్ (మెత్తగా పొడి చేసిన పంచదార), చిటికెడు ఉప్పు ఉంచుకోండి. మైదాను కప్పుతో కొలవవద్దని మనవి చేస్తున్నాను. చెంచాతో వదులుగా నింపిన కప్పులో 120 గ్రాములు పడితే, డబ్బాలో ముంచి అదిమి తీసిన కప్పులో 150 గ్రాములు కూడా పడతాయి. మీ మొదటి విడత కేకులా రావడానికి నీటితో పాటు ఇదీ ఒక కారణం అయి ఉండవచ్చు. చిన్న ఎలక్ట్రానిక్ తూకం ఒకటి ఉంటే ఈ అనుమానమే ఉండదు, పైగా అది మీ బాబుకు అప్పగించడానికి చక్కని పని.

సిరప్ కాయడం గురించి కొంచెం ఓపికగా చదవండి, ఈ వంటలో ప్రాణం ఇక్కడే ఉంది. అడుగు మందంగా, సిరప్ మట్టానికి కనీసం నాలుగింతలు ఎత్తుగా ఉన్న గిన్నె తీసుకోండి. సిరప్ మరిగేటప్పుడు నురుగు ఒక్కసారిగా పైకి లేస్తుంది, చిన్న గిన్నెలో అయితే పొంగి స్టౌ మీద పడుతుంది. బఠాణీ గింజంత వెన్న ముక్క వేస్తే ఆ నురుగు అణుగుతుంది. ముందుగా ఖాళీ గిన్నె బరువు చూసి రాసుకుని, సిరప్ పోసి, మధ్యస్థమైన మంట మీద పెట్టండి. మొదట సన్నని తెల్లటి బుడగలు గిన్నె నిండా గుమికూడి గలగలమంటూ పైకి వస్తాయి. కొన్ని నిమిషాలకు ఆ చప్పుడు తగ్గుతుంది, బుడగలు పెద్దవై, నెమ్మదించి, మెరుస్తూ ఒకదాని మీద ఒకటి పగులుతాయి, అంతవరకు తీపిగా మాత్రమే ఉన్న ఆవిరిలో కలప వాసన లాంటిది మొదలవుతుంది. థర్మామీటర్ ఉంటే 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించాలి. లేకపోతే చెంచాతో ఒక చుక్క తీసి చల్లని పళ్లెం మీద వేసి, అది వేలు కాలనంతగా చల్లారాక వేళ్ల మధ్య పట్టి చూస్తే సన్నని తీగ సాగాలి. ఉండ కట్టేదాకా పోనివ్వవద్దు. ఆ పాకం బార్లను చ్యూయింగ్ గమ్‌లా మారుస్తుంది. అన్నిటికన్నా నమ్మకమైనది తూకమే: 200 గ్రాముల సిరప్ దాదాపు 165 గ్రాములకు తగ్గితే చాలు. తగ్గిన ఆ 35 గ్రాములూ నీరే, మిమ్మల్ని ఇబ్బంది పెట్టినది అదే.

ఇక్కడ మీ అత్తగారిని ముందుకు పిలవండి. పాకం చూపుతో పట్టుకునే నేర్పు అనుభవంతో వచ్చేది, థర్మామీటర్ చూపించే అంకెకన్నా ఆమె కన్ను ముందే చెబుతుంది. తీగ వచ్చిందని చెప్పే అధికారం ఆమెదే కావాలి, మీ బాబు అదే క్షణాన తూకం చూసి అంకె చదవాలి. ఇద్దరి మాటా కలిసినప్పుడు వంటగదిలో కలిగే ఆనందం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. అయితే ఒక నియమం మాత్రం సడలించవద్దు: మరుగుతున్న పాకం నీటికన్నా వేడిగా ఉండడమే కాక చర్మానికి అంటుకుని ఉండిపోతుంది, అందుచేత దాని దెబ్బ తీవ్రంగా ఉంటుంది. గిన్నె పిడిని గోడ వైపు తిప్పి ఉంచండి, తూకం దగ్గరకు గిన్నెను పెద్దవాళ్లే తీసుకురావాలి, కింద మందపాటి చెక్కపలక వేసి ఆ పలకతో సహా తూకాన్ని సున్నా చేసుకోవాలి, పాప స్టౌ దగ్గరికి రాకూడదు. ఎవరికైనా చుక్క పడితే వెంటనే కుళాయి కింద చల్లని నీటిధారలో 20 నిమిషాలు ఉంచాలి, మంచుగడ్డ పెట్టకూడదు.

దించిన పాకాన్ని చల్లారేటప్పుడు గరిటతో అదేపనిగా కలియబెట్టకండి. చిక్కని చక్కెర పాకాన్ని చల్లారుతుండగా కలిపితే స్ఫటికాలు ఏర్పడి ఇసుకలా పలుకు కడుతుంది. మేపుల్ క్రీమ్ అనే తియ్యని పూతకు పాకాన్ని బాగా చల్లార్చాక కావాలనే కలియబెట్టి సన్నని స్ఫటికాలు రప్పిస్తారు, కాని మనకు ఇప్పుడు అది వద్దు.

వెన్నను వేరే గిన్నెలో కరిగించి గోధుమరంగు వచ్చేదాకా కాచాలి. వెన్నలో సుమారు 16 నుంచి 18 శాతం నీరుంటుంది. ముందు అది చిటపటలాడుతూ ఆవిరైపోతుంది, చప్పుడు ఆగగానే పాల పదార్థం అడుగున చేరి రంగు తిరగడం మొదలవుతుంది. వేయించిన గింజల వాసన రాగానే, అడుగున ఉన్న గోధుమరంగు రేణువులతో సహా మొత్తాన్ని వేరే గిన్నెలోకి వంచేయాలి. వేడి గిన్నెలోనే వదిలేస్తే అర నిమిషంలో మాడుతుంది. మేపుల్‌కు తోడుగా ఈ వెన్న కన్నా మంచిది నాకు తెలియదు. దాల్చినచెక్క దాన్ని కప్పేస్తుంది, ఇది మాత్రం పైకి తీసుకొస్తుంది. లేత రంగు లోపలి భాగం ఉన్న గిన్నె అయితే రంగు మారడం స్పష్టంగా కనబడుతుంది.

ఆ వెన్నలో పాకాన్ని పోసి, బ్రౌన్ షుగర్, ఉప్పు వేసి విస్క్‌తో కలపండి. మొదట నూనె వేరుగా, పాకం వేరుగా విడిపోయినట్టు కనిపిస్తుంది, కంగారు పడవద్దు. అది గోరువెచ్చగా చల్లారాక గుడ్డు, పచ్చసొన, వెనిలా వేసి గట్టిగా కలిపితే ఒక్కటై మెరుస్తూ చిక్కబడుతుంది. గోరువెచ్చగా అని ఊరికే అనడం లేదు: గుడ్డు తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే గడ్డకట్టడం మొదలుపెడుతుంది కాబట్టి, గిన్నె బయటవైపు అరచేతితో తాకితే సుఖంగా ఉండే వేడికి వచ్చేదాకా ఆగాలి. ఎలక్ట్రిక్ బీటర్ వాడవద్దు. గాలి ఎక్కితే మళ్లీ కేకే. ఆ తరువాత మైదా, బేకింగ్ పౌడర్ కలిపి జల్లించి, స్పాచులాతో అడుగు నుంచి పైకి మడిచినట్టు కలపాలి. తెల్లని చారలు కనిపించకుండా పోగానే ఆపేయండి, పైన చల్లడానికి కొన్ని మిగిల్చి గింజలు కూడా ఆ చివరి నాలుగు మడతల్లోనే పడాలి.

పిల్లల పని గురించి నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. ఒక చెంచా ఇచ్చి ఒకసారి తిప్పించి, ఫొటో తీసి, మళ్లీ లాక్కోవడం పిల్లలకు సహాయం చేసిన సంతోషాన్ని ఇవ్వదు; అది ఉత్తుత్తి పని అని వాళ్లకు తెలిసిపోతుంది. ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా అప్పగించాలి. అయిదేళ్ల పాపకు ట్రే ఇవ్వండి. వేలితో వెన్న తీసుకుని నాలుగు మూలలా రాయడం, బేకింగ్ పేపర్‌ను రెండు వైపులా అంచులు బయటికి వచ్చేలా పరిచి మూలల్లోకి ఒత్తడం, మళ్లీ పేపర్ మీద వెన్న రాయడం ఆమె బాధ్యత. ఆ వయసు పిల్లలు మూలల విషయంలో పెద్దల కన్నా ఎంతో శ్రద్ధ చూపుతారు. ఒక మూలలో పేపర్ లేచి ఉంటే నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, చూపుడువేలితో ఆ మడతను మళ్లీ మళ్లీ నొక్కుతూ, అది నిలిచేదాకా కదలరు. తొందరపెట్టకండి. పాకం చల్లారడానికి ఎలాగూ పావుగంట పడుతుంది. గింజలను జిప్ ఉన్న సంచిలో వేసి అప్పడాల కర్రతో నలగ్గొట్టే పని కూడా ఆమెదే. ముందుగా గింజలను 170 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నుంచి పది నిమిషాలు వేయించి, పూర్తిగా చల్లార్చి ఇవ్వండి. ఆ వయసు పిల్లలకు పెద్ద ముక్కలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి ముక్కలు చిన్నగానే ఉండాలి. ఇంట్లోగాని వచ్చే అతిథుల్లోగాని గింజల అలర్జీ ఎవరికైనా ఉంటే వాటిని పూర్తిగా మానేసి, బదులుగా వేయించిన ఓట్స్ 40 గ్రాములు వాడవచ్చు.

బాబుకు తూకం, జల్లెడ, మడిచి కలపడం ఇవ్వండి. మీ ఇద్దరిలో ఒకరు స్టౌ దగ్గర అత్తగారితో, ఒకరు బల్ల దగ్గర పిల్లలతో ఉంటే చాలు. పచ్చి పిండి నాకడానికి పిల్లలు ఆశపడతారు. గుడ్డు వల్లనే కాదు, ఉడకని మైదాలో కూడా హానికర బాక్టీరియా ఉండే అవకాశం ఉంది కాబట్టి దాన్ని ఒప్పుకోవద్దు. దానికి బదులు పాకం గిన్నెకు అంటిన చిక్కటి సిరప్‌ను పూర్తిగా చల్లార్చి చెరో చెంచా ఇస్తే, మేపుల్ రుచి అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది, తరువాత బార్‌లో దాన్ని వెతుక్కుంటారు కూడా.

ఓవెన్‌ను 170 డిగ్రీలకు ముందే వేడి చేసి ఉంచండి. ఫ్యాన్ ఓవెన్ అయితే 155 చాలు. సిరప్‌తో చేసినవి మామూలు పంచదారతో చేసిన వాటికన్నా తొందరగా రంగు తిరుగుతాయి, అందువల్ల 180కి పోవద్దు. ఇళ్లలోని ఓవెన్లు డయల్ మీద చూపించే వేడికీ లోపల ఉన్న వేడికీ తేడా ఉండడం మామూలే, కనుక లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ ఒకటి కొనడం మంచిది. ట్రేను మధ్య అరలో పెట్టి 24 నుంచి 28 నిమిషాలు బేక్ చేయాలి, 22వ నిమిషం నుంచే చూడడం మొదలుపెట్టండి. అంచులు ట్రే గోడను వదిలి వెంట్రుకవాసి లోపలికి జరగాలి, పైన సన్నని పగుళ్లతో మెరిసే పొర రావాలి, మధ్యలో గుచ్చిన పుల్లకు తడి పిండి కాకుండా తేమగా ఉన్న పలుకులు అంటాలి. పుల్ల శుభ్రంగా వచ్చేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు. మీ రెండో విడతకు జరిగింది అదేనని నా ఊహ. బయటికి తీశాక కూడా ట్రేలోని వేడికి మధ్యభాగం కొంతసేపు ఉడుకుతూనే ఉంటుంది. గాజు ట్రే వాడితే అది వేడిని నెమ్మదిగా పట్టి ఎక్కువసేపు నిలుపుకుంటుంది కనుక ఉష్ణోగ్రతను మరో 15 డిగ్రీలు తగ్గించి, నాలుగైదు నిమిషాలు అదనంగా ఉంచాలి.

బయటికి తీసిన తరువాత కనీసం గంటసేపు ట్రేలోనే ఉండనివ్వండి. ఇంటి నిండా ఆ వాసన కమ్ముకుని ఉన్నప్పుడు పిల్లలను గంటసేపు ఆపడం కష్టమే, అయినా ఆపాలి. వేడిగా కోస్తే లోపలి పాకం, పిండి ఇంకా బిగుసుకుని ఉండవు, ముక్క చితికిపోతుంది, పచ్చిగా ఉందన్న భ్రమ కలిగి మళ్లీ ఓవెన్‌లో పెట్టాలనిపిస్తుంది. ఆ సమయంలో గిన్నెలు కడగడం, గ్లేజ్ తయారు చేయడం పెట్టుకోండి. 30 గ్రాముల వెన్నను 80 గ్రాముల అంబర్ సిరప్‌తో కలిపి, వెన్న కరిగేంత వరకే వెచ్చచేసి, స్టౌ మీద నుంచి దించి, జల్లించిన ఐసింగ్ షుగర్, ఉప్పు కలపాలి. మరగనివ్వకూడదు, ఎందుకంటే ఇక్కడ మనకు కావలసినది ఎగిరిపోయే ఆ పై పరిమళమే. ఉప్పును మాత్రం మానవద్దు. తీపి మీద తీపి పడుతున్నప్పుడు నాలుకకు మేపుల్‌ను విడిగా గుర్తుపట్టే అవకాశం ఇచ్చేది ఆ చిటికెడు ఉప్పే. బార్ కాస్త వెచ్చగా ఉండగానే గ్లేజ్‌ను మధ్యలో పోసి చెంచా వెనుక భాగంతో అంచులదాకా జరపండి, మిగిల్చిన గింజల పొడి పాప చేత చల్లించండి. బార్ పూర్తిగా వేడిగా ఉంటే గ్లేజ్ లోపలికి ఇంకిపోతుంది, పూర్తిగా చల్లబడితే పొరగా విడిపోతుంది.

గ్లేజ్ మీద వేలు పెడితే అంటకుండా ఉండే దశకు అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. అప్పుడు పేపర్ అంచులు పట్టి మొత్తాన్ని పైకెత్తి, పలక మీద పెట్టి, వేడినీళ్లలో ముంచి తుడిచిన పొడవాటి కత్తితో నాలుగు వరుసలు, నాలుగు నిలువులుగా కోస్తే 5 సెంటీమీటర్ల ముక్కలు పదహారు వస్తాయి. ప్రతి కోతకూ కత్తి తుడవాలి, రంపంలా కోయకుండా నిటారుగా కిందికి నొక్కాలి. నడిమి ముక్కలు మెత్తగా, అంచు ముక్కలు నమిలేలా ఉంటాయి. ఏది ఎవరికి ఇష్టమో మీ ఇంట్లో మొదటి రోజే తేలిపోతుంది.

గుడ్డు తినని బంధువులు వస్తే ఏం చేయాలని కూడా చివర్లో అడిగారు. అప్పుడు ఒక టేబుల్‌స్పూన్ అవిసె గింజల పొడిని మూడు టేబుల్‌స్పూన్ల నీటిలో పది నిమిషాలు నానబెట్టి గుడ్డుకు బదులు వేయండి, పచ్చసొన స్థానంలో ఒక టేబుల్‌స్పూన్ చిక్కటి క్రీమ్ చాలు. బార్ కొంచెం తక్కువ మెరుపుతో, మరికాస్త నమిలేలా వస్తుంది. కేకుల్లో ఈ మార్పు అంతగా నప్పదు గాని, ఇలాంటి చిక్కని బార్లలో బాగానే నిలబడుతుంది. అసలు గుడ్డు అవసరమే లేని రకం కావాలంటే ఓట్స్ బార్లు ఇంకా తేలిక: 200 గ్రాముల ఓట్స్, 80 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు కలిపి, అందులో 110 గ్రాముల కరిగిన వెన్న, పైన చెప్పినట్టే కాచిన 165 గ్రాముల పాకం పోసి, అదే ట్రేలో గట్టిగా అదిమి, 165 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు బేక్ చేసి, పూర్తిగా చల్లారాకే కోయాలి. అదమడం పాపకు ఎంతో నచ్చే పని. వేడి పాకం చేతికి తగలకుండా ముందు కాసేపు ఆరనిచ్చి, పైన పేపర్ పరిచి, అడుగు చదునుగా ఉన్న గ్లాసుతో అదిమించండి.

ఎక్కువమందికి చేయాలంటే కొలతలన్నీ రెట్టింపు చేసి 23 బై 33 సెంటీమీటర్ల ట్రేలో పోసుకోవచ్చు. బేకింగ్ సమయం ఆరేడు నిమిషాలు పెరుగుతుంది. రెట్టింపు సిరప్‌ను కాచడానికి మరింత పెద్ద గిన్నె, మరింత సమయం కావాలి, కాబట్టి అక్కడ గడియారాన్ని కాక తూకాన్నే నమ్మండి: 400 గ్రాములు 330కి రావాలి. మూత తీసిన సిరప్ సీసాను ఫ్రిజ్‌లోనే ఉంచాలి, బయట పెడితే బూజు పడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టినా స్వచ్ఛమైన సిరప్ రాయిలా గడ్డకట్టదు, చిక్కబడి ఊరుకుంటుంది.

బార్లు చేసిన రోజు కన్నా మరునాడు బాగుంటాయి, గ్లేజ్‌లోని తేమ పై పొరలోకి దిగి మేపుల్ రుచి అంతటా సర్దుకుంటుంది. గాలి చొరని డబ్బాలో పొరల మధ్య బేకింగ్ పేపర్ వేసి ఉంచితే గది వేడిలో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు నిలుస్తాయి. ఫ్రీజర్ నుంచి తీసినప్పుడు డబ్బా మూత తెరవకుండానే రెండు గంటలు బయట ఉంచండి. ముందే తెరిస్తే గాలిలోని తేమ చల్లని గ్లేజ్ మీద నీటి బిందువులుగా చేరి దాన్ని జిగురుగా మార్చేస్తుంది.